చంపకమాల పట్టేంత పేజీ: ఒక శతకం మార్జిన్ల డైరీ

శనివారం, విద్యానగర్

మా తెలుగు సారు మూసీ నది మీద రాసిన శతకాన్ని పుస్తకంగా వేస్తున్నాం. మొత్తం 108 పద్యాలు. అన్నీ ఉత్పలమాలలు, చంపకమాలలే. ప్రతి పద్యం కింద ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి. పేజీ అమరిక పని నాది. ఎప్పుడో అను ఫాంట్లలో టైపు చేయించిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి సారుతోనే దిద్దించాను. ఇవాళ్టి నుంచి అసలు పని మొదలు.

సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6. ఉచితం. పాత 1.4లో తెలుగు పెడితే ఒత్తులు విడివిడిగా పడేవి, గుణింతాలు చెదిరిపోయేవి. 1.5 శ్రేణిలో అక్షరాలను, ఒత్తులను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ చేరాక ఆ బాధ తీరింది. ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకుంటే అక్కడా తెలుగు సరిగ్గానే వస్తుంది. మేం వెళ్లే ప్రెస్సులో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 మీదే పని నడుస్తోంది. అది 2001 నాటిది, దాని తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. నేను పీడీఎఫ్ ఇస్తాను కాబట్టి ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లది. మార్జిన్ల లెక్క మాత్రం ఎందులోనైనా ఒకటే: లోపల, బయట, పైన, కింద. నాలుగు గళ్లు, నాలుగు అంకెలు. వాటిలో ఏం నింపాలన్నది ఈ పుస్తకమే చెప్పాలి.

సైజు డెమీ 1/8, మన కవిత్వ పుస్తకాల్లో చాలావాటి సైజు. డెమీ షీటు 18×23 అంగుళాలు. 18ని రెండుగా, 23ని నాలుగుగా చేస్తే ఒక్కో ఆకు 9×5.75 అంగుళాలు వస్తుంది. చుట్టూ కత్తి పడ్డాక మిగిలేది 8.5×5.5. మిల్లీమీటర్లలో 216×140 అనుకుని కొత్త ఫైలు తెరిచాను. యూనిట్లు మి.మీ., ఫేసింగ్ పేజెస్ (ఎదురెదురు పేజీలు), మొదటి పేజీ కుడివైపు, బ్లీడ్ (కత్తి పడే గీత దాటి ఉంచే జాగా) నాలుగు వైపులా 3. ఫేసింగ్ పేజెస్ ఎంచుకోగానే 'ఎడమ, కుడి' అన్న గళ్లు 'లోపల, బయట'గా మారతాయి. పుస్తకం చేసేవాళ్లు అంకెలు వేయకముందే చూసుకోవాల్సింది ఇది. ఎడమ పేజీలో లోపల అంటే కుడి అంచు, కుడి పేజీలో ఎడమ అంచు. ఇది పెట్టకుండా మార్జిన్లు వేస్తే సగం పేజీల్లో బైండింగు పక్క జాగా తగ్గిపోతుంది.

ఆదివారం

మార్జిన్ల కింద స్క్రైబస్‌లో ప్రీసెట్ లేఅవుట్లు, అంటే ముందే సిద్ధం చేసిన అమరికలు ఉన్నాయి: గుటెన్‌బర్గ్, మ్యాగజైన్, ఫిబొనాచీ, గోల్డెన్ మీన్, నైన్ పార్ట్స్. నైన్ పార్ట్స్ అంటే నాకు చాలా గౌరవం. పేజీని అడ్డంగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది భాగాలు చేసి లోపల ఒకటి, బయట రెండు, పైన ఒకటి, కింద రెండు వదలడం. యూరప్ పాత పుస్తకాల అమరికను వాన్ డి గ్రాఫ్, యాన్ చికోల్డ్ లాంటివాళ్లు గీతలు గీసి విడమర్చిన పద్ధతి ఇదే. మా పేజీకి వేసి చూస్తే లోపల 15.5, బయట 31, పైన 24, కింద 48. మధ్యలో అక్షరాలకు మిగిలేది 93×144. కంటికి హాయిగా ఉంది. అయితే పేజీలో 44 శాతమే అచ్చుకు దక్కుతోంది.

దాన్ని ఉంచుకోవాలనే అనిపించింది. తేల్చాల్సింది పద్యం. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, ఉత్పలమాలకు 20. పాదం ఒక్క లైనులో పట్టాలి. పట్టకపోతే చివరి రెండు మూడు అక్షరాలు కింది లైనుకు జారి, పద్యం నాలుగు పాదాలా ఆరు పాదాలా అన్నట్టు తయారవుతుంది. సారుకు ఫోన్ చేశాను.

"పాదం ఇరగొద్దు బిడ్డా. మార్జిన్ నువ్వు ఎంతన్న పెట్టుకో. పాదం మాత్రం ఒక్క లైన్లనే ఉండాలె. యతి ఏడున్నదో కన్ను ఎతుక్కోవద్దు."

అందుకని మార్జిన్ల సంగతి పక్కనపెట్టి పాదాలు కొలిచాను. బాగా వెడల్పైన పేజీ ఒకటి విడిగా తెరిచి, పొడవాటి ఫ్రేముల్లో 432 పాదాలనూ ఒకదాని కింద ఒకటి ఎడమకు ఆనించి పోశాను. ఫాంటు మండలి, 13 పాయింట్లు (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు). ఎక్కువగా బయటికి పొడుచుకొచ్చిన పాదమే ఈ పుస్తకానికి కొలబద్ద. అది 92 మి.మీ. వచ్చింది. 21 అక్షరాల పాదాలన్నీ ఒకే పొడవు ఉండవు. 'ఘ', 'య', 'మ', 'హ' ఎక్కువున్న పాదం సాగుతుంది, 'ర', 'ద', 'గ' ఎక్కువున్నది పొట్టిగా ముగుస్తుంది. ఛందస్సు లెక్క వేరు, అచ్చు లెక్క వేరు.

మండలి ఎంచుకోవడానికి ఒక కారణం స్పష్టత, ఇంకో కారణం అభిమానం. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఈ హైదరాబాద్‌లోనే జరిగాయి. వాటిని నడిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరే ఈ ఫాంటుది. ఎవరైనా తెచ్చుకుని వాడుకోవచ్చు.

92కి ఇంకో 8 కలపాలి. పద్యం ముందు 'ఉ.', 'చ.' అని ఛందస్సు గుర్తు వస్తుంది. అది పద్యంలో కలవకూడదు, ఎడమకు విడిగా నిలబడాలి. మొత్తం వెడల్పు 100. నైన్ పార్ట్స్ ఇచ్చే 93లో ఇది పట్టదు. ఆ అమరికను అక్కడితో వదిలేశాను. ప్రీసెట్ 'ఏదీ వద్దు' అని పెట్టి, గళ్ల పక్కన నాలుగు అంకెలనూ కట్టి ఉంచే గొలుసు గుర్తు తీసేసి, సొంత అంకెలు మొదలుపెట్టాను.

సోమవారం రాత్రి

సారుకు 14 పాయింట్లు కావాలట. "నా ఈడోళ్లే సదువుతరు" అన్నారు. న్యాయమైన కోరికే. 14కి పెంచితే ఆ పొడుగు పాదం 99 అవుతుంది. గుర్తుకు 8 కలిపితే 107. 140లోంచి అది పోతే లోపల, బయట కలిపి 33 మిగులుతుంది. వెన్నుకు గమ్ పెట్టి అతికించే పర్ఫెక్ట్ బైండింగుకు అది చాలదు. 13 ఉంచి లైన్ల మధ్య ఎడం పెంచుదామన్నాను. ముసలి కళ్లకు అక్షరం సైజు ఎంత ముఖ్యమో లైన్ల మధ్య గాలి అంతే ముఖ్యం. 13 మీద 20 పాయింట్ల లైనుతో ఒక పేజీ తీసి పంపితే ఒప్పుకున్నారు.

లైను 20 అని తేలాక నిలువు లెక్క నడిచింది. నా పద్ధతిలో కింది మార్జిన్‌ను ముందు ఎంచుకోను. పై మార్జిన్, లైను ఎత్తు, లైన్ల సంఖ్య పెట్టుకుంటే మిగిలిందే కింది మార్జిన్. 24 లైన్లు × 20 అంటే 480 పాయింట్లు, అంటే 169.3 మి.మీ. ప్రతిపదార్థం, తాత్పర్యం 11 పాయింట్లు, లైను 16. ఈ 16 ఊరికే పెట్టింది కాదు. నాలుగు పద్యం లైన్లు 80 పాయింట్లు, ఐదు తాత్పర్యం లైన్లూ 80 పాయింట్లే. రెండు సైజులున్నా పేజీ అడుగున అంతా ఒకే గీత మీద ఆగుతుంది. ఎదురెదురు పేజీలు ఒకేచోట ముగుస్తాయి. పల్చటి కాగితంలో వెనక పేజీ లైన్లు ముందు పేజీ లైన్ల వెనకే దాక్కుంటాయి కాబట్టి ఖాళీల్లోంచి నీడలు కనబడవు.

పేజీ పంపకం ఇలా కుదిరింది: పద్యం సంఖ్యకు 20, ఒక ఖాళీ లైనుకు 20, పద్యానికి 80, మళ్లీ ఖాళీ 40, మిగిలిన 320లో ప్రతిపదార్థం, తాత్పర్యం కలిపి 20 లైన్లు. కూడితే 480. పేజీకి ఒక పద్యం. మకుటం ప్రతి పేజీలోనూ ఒకే ఎత్తులో పడుతుంది. పేజీలు గబగబా తిప్పినా మకుటం కదలకుండా ఉంటుంది. ఇది నాకెంతో నచ్చింది.

108 పద్యాల పేజీలు, ముందుమాటలు, పద్యాల అకారాది పట్టిక అన్నీ కలిపి 128 పేజీలు. 16 పేజీల ఫారాలు (ఒక్కో డెమీ షీటులో వచ్చే పేజీల కట్టలు) సరిగ్గా 8. ఒక పేజీ పెరిగినా, తగ్గినా ఫారం లెక్క చెడుతుంది. పట్టికను రెండు కాలమ్‌లు చేసి అక్కడే సర్దాను.

బుధవారం

ఇవాళంతా పై మార్జిన్ మీదే పోయింది. పోయినందుకు ఫలితం దక్కింది. తెలుగులో పుస్తకం చేసే ఎవరికైనా ఇది పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పైన 20 మి.మీ. పెట్టాను. తెర మీద గీత 20 దగ్గరే ఉంది. ప్రింటు తీసి స్కేలు పెడితే అక్షరం తలకట్టు దాదాపు 26 దగ్గర మొదలవుతోంది. ఎక్కడ పోయింది ఆ 6? స్క్రైబస్‌లో టెక్స్ట్ ఫ్రేముకు 'మొదటి లైను ఆఫ్‌సెట్' అని ఒక సెట్టింగు ఉంది. అది 'ఫాంట్ అసెంట్' మీద ఉంటే, ఆ ఫాంటు తన నెత్తిన ఎంత జాగా రాసి పెట్టుకుందో అంత వదిలి మొదటి లైను వేస్తుంది. తెలుగు ఫాంట్లు గుడి, ఏత్వం లాంటివాటి కోసం పైన, రెండు వరసల ఒత్తుల కోసం కింద ధారాళంగా జాగా రాసుకుంటాయి. ఫాంటు ఫాంటుకీ ఇది మారుతుంది. అంటే ఫాంటు మార్చగానే, మార్జిన్ గడిలో అంకె మారకుండానే కాగితం మీద మార్జిన్ మారిపోతుంది.

ఆఫ్‌సెట్‌ను 'లైన్ స్పేసింగ్'కి మార్చాను. ఇప్పుడు మొదటి లైను పీఠం (అక్షరాలు నిలబడే గీత, బేస్‌లైన్) ఫ్రేము పైఅంచుకు సరిగ్గా 20 పాయింట్ల కింద, అంటే 7 మి.మీ. దగ్గర పడుతుంది. 13 పాయింట్ల అక్షరం ఆ పీఠం మీద సుమారు 3.5 మి.మీ. ఎత్తు లేస్తుంది. కంటికి కనబడే పై మార్జిన్ 23.5. ఇక ఏ ఫాంటు పెట్టినా పీఠం అక్కడే ఉంటుంది.

కింద ఇంకో తిరకాసు. చివరి లైనులో 'మనము', 'కదలి' లాంటి మాటలుంటే అడుగు శుభ్రంగా ఉంటుంది. 'లక్ష్మి', 'శాస్త్రం', 'రాష్ట్రం' వస్తే ఒత్తులు దాదాపు 3 మి.మీ. కిందికి వేలాడతాయి. ఒక పేజీలో మార్జిన్ పెద్దగా, పక్క పేజీలో చిన్నగా అనిపిస్తుంది. దీనికి నా నిర్ణయం: కింది మార్జిన్‌ను చివరి లైను పీఠం నుంచే కొలవాలి. ఒత్తులు మార్జిన్‌లోకి వేలాడినా ఫరవాలేదు. అక్షరాల వరస నిలబడేది పీఠం మీద, కన్ను పట్టుకునేదీ ఆ వరసనే. అయితే ఒత్తుల చోటు చాలక చివరి లైను మాయం కాకుండా, ఫ్రేము అడుగును మార్జిన్ గీతకు 4 మి.మీ. కిందికి లాగి ఉంచాను. పేజీ నంబరును వేలాడే ఒత్తులకు అందనంత కిందికి దింపాను.

ఇవన్నీ చూసుకున్నాక 20 పై మార్జిన్ నిలవలేదు. కంటికి పైన 23.5, కింద పీఠం నుంచి 26.7, ఒత్తులున్న పేజీల్లో 24కి కాస్త దిగువ. పైన కింద దాదాపు సమానమైతే అక్షరాల దిమ్మ పేజీలో కిందికి కుంగినట్టు కనబడుతుంది. పై మార్జిన్ 17కి తగ్గించాను. ఇప్పుడు కంటికి పైన 20.5, కింద 29.7. పద్యం ఊపిరి పీల్చుకుంది.

పై మార్జిన్‌లో శతకం పేరు నడుస్తూ ఉండాలా అని కాసేపు ఆలోచించి వద్దనుకున్నాను. మకుటం ప్రతి పేజీలో ఉంటే నెత్తిన మళ్లీ పేరెందుకు?

గురువారం, చిక్కడపల్లి

ప్రెస్సుకు వెళ్లి బైండింగ్ చేసే అన్నతో మాట్లాడాను. పక్క మార్జిన్లకు లోపల 18, బయట 20 అనుకుని, నమూనా కాగితాలు డిజిటల్ ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. వాటికే గమ్ పెట్టి డమ్మీ చేసిచ్చారు.

"మేడమ్, పర్ఫెక్ట్ బైండింగుల వెన్ను పక్క మూడు మిల్లీమీటర్లు గీకుతం, అప్పుడే గమ్ పట్టుకుంటది. అది మీ సైజులకెళ్లి పోదు, షీటులనే ఎక్కువుంటది. కానీ బుక్కు పూర్తిగ తెరుసుకోదు. లోపట మింగుతది, చూస్కోండి."

షీటు లెక్క ఆయన చెప్పినట్టే ఉంది. 5.75 అంగుళాల ఆకులో 5.5 పోను మిగిలిన 6 మి.మీ. వెన్ను గీకుడుకూ బయటి కత్తికీ సరిపోతుంది. డమ్మీ తెరిచి, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివినట్టు పట్టుకుని కొలిచాను. మడతలోకి వంగిన దగ్గర 6 మి.మీ. దాకా కనబడకుండా పోతోంది. 18 పెట్టిన చోట కంటికి 12 మిగిలింది. కుడి పేజీలో 'చ.' గుర్తు లోయలో పడినట్టుంది.

లోపల 20, బయట 18 చేశాను. కాగితం మీద చూస్తే లోపలి మార్జిన్ పెద్దది, పుస్తకం తెరిస్తే కనబడేది 14, బయట 18. పాత నియమం కోరేది కూడా లోపల తక్కువ, బయట ఎక్కువ. ఆ నియమం కంటికి సంబంధించింది, గడిలోని అంకెకు కాదు. మధ్యలో అక్షరాలకు 102. గుర్తుకు 8, పద్యానికి 94, అందులో పొడుగు పాదానికి 92.

ఫారాలను దారంతో కుట్టే సెక్షన్ కుట్టు వేస్తే పుస్తకం ఇంకా చదునుగా తెరుచుకుంటుంది, లోపల 16 అయినా చాలు. ఖర్చు పెరుగుతుంది. సారు పింఛను డబ్బుతో వేస్తున్న పుస్తకం ఇది, పర్ఫెక్ట్ బైండింగే ఖాయం. కాగితం 80 జీఎస్ఎం నేచురల్ షేడ్. గ్రెయిన్ (కాగితం పీచు సాగే దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండేలా షీటు వేయమని గట్టిగా చెప్పి వచ్చాను. అడ్డంగా పడితే ఆకులు బిర్రుగా నిలబడి లోపలి మార్జిన్‌ను ఇంకా మింగేస్తాయి. 500 కాపీలు. కాపీకి 8 డెమీ షీట్ల చొప్పున 4000, అంటే 8 రీములు. ప్రెస్సులో వాడేది 23×36 డబుల్ డెమీ కాబట్టి అందులో సగం, వేస్టేజీ వేరు.

బయటి మార్జిన్ 18 కన్నా తగ్గించకూడదనడానికి నాకింకో కారణం ఉంది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పద్యాల పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఎవరో దాన్ని మళ్లీ బైండు చేయించారు. అప్పుడు మూడు వైపులా మళ్లీ కత్తి పడింది. బయటి మార్జిన్ ఇప్పుడు వేలు కూడా పట్టనంత. ఇంకోసారి బైండు చేస్తే అక్షరాలు తెగుతాయి. పుస్తకం నలభై యాభై ఏళ్లు బతకాలనుకుంటే మార్జిన్‌లో కొంత భాగం మొదటి పాఠకుడిది కాదు, రాబోయే బైండరుది.

ఉస్మానియా క్యాంపస్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లినవాళ్లు తాటాకు గ్రంథాలు చూసే ఉంటారు. తాడు దూరే రంధ్రం చుట్టూ అక్షరాలు లేకుండా చోటు వదిలి రాస్తారు. అక్కడ తాడు అడిగిన చోటు, ఇక్కడ గమ్ అడుగుతోంది.

శుక్రవారం

మిగిలినవి మాస్టర్ పేజీల, అంటే అన్ని పేజీల్లోనూ వచ్చేవాటిని ఒక్కసారే పెట్టే నమూనా పేజీల పనులు. కుడి మాస్టర్, ఎడమ మాస్టర్ రెండింటిలో పేజీ నంబరు బయటి మూల కింద పెట్టాను. డాక్యుమెంట్ సెటప్‌లో మార్జిన్లు మార్చినప్పుడు, కింద 'అన్ని పేజీలకూ', 'అన్ని మాస్టర్ పేజీలకూ' అన్న రెండు గళ్లలో టిక్ పెట్టాలి. లేకపోతే కొత్త పేజీలకే కొత్త మార్జిన్ పడుతుంది. చేత్తో గీసిన ఫ్రేములు మార్జిన్లతో పాటు కదలవు, వాటిని గైడ్లకు ఆనించి సర్దాను.

తాత్పర్యాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్నది కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. పద్యంతో పాటు 8 మి.మీ. లోపలికి జరిపితే, గుర్తు నిలబడే పట్టీ పేజీ పొడవునా ఖాళీగా మిగులుతుంది. ఎడమ పేజీలో అది బయటి మార్జిన్‌కు, కుడి పేజీలో లోపలి మార్జిన్‌కు కలిసి, రెండు పేజీలూ కుడికి ఒరిగినట్టు కనబడతాయి. తాత్పర్యం పూర్తి 102 వెడల్పుకు పరిచాను. ఇప్పుడు పేజీ అంచులను తాత్పర్యం పట్టుకుంటుంది, పద్యం వాటి మధ్య నిలబడుతుంది. 102 మి.మీ. వెడల్పులో 11 పాయింట్ల తెలుగును రెండు వైపులా సమం చేస్తే పొడుగు సమాసాలున్న చోట మాటల మధ్య గుంటలు పడుతున్నాయి. తాత్పర్యాన్ని ఎడమకు మాత్రమే ఆనించాను. సారుకు మొదట నచ్చలేదు. రెండు రకాల పేజీలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే "ఇదే ఉండనీ" అన్నారు.

ఇంట్లో ఏ4 మీద ప్రూఫ్ తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసేసి 100 శాతం పెట్టాలి. తర్వాత స్కేలుతో 102 వచ్చిందో లేదో చూడాలి. 98 వస్తే ఆ ప్రూఫ్ మీద మార్జిన్ గురించి ఏ నిర్ణయమూ చేయకూడదు.

చివరికి గళ్లలో నిలిచిన అంకెలు: లోపల 20, బయట 18, పైన 17, కింద 29.7. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి, కత్తి పడాల్సిన చోటు చూపే క్రాప్ గుర్తులు వేసి, అక్షరాలన్నీ ఒక్క నలుపు ఇంకులోనే ఉన్నాయని చూసుకుని ప్రెస్సుకు పంపాను. ఒక సెట్టు సారుకు ఇచ్చాను. ఆయన మార్జిన్లు చూడలేదు, యతి స్థానాలు వేలితో తడుముతూ పద్యాలు పైకి చదివారు. ఏ పాదమూ కింది లైనుకు జారలేదు.

ఇక కవర్. 64 ఆకులు, ఆకు మందం సుమారు 0.1 మి.మీ. చొప్పున వెన్ను 6.5. రెండు అట్టలు, వెన్ను, బ్లీడ్లు కలిపి ఫైలు వెడల్పు 292.5 మి.మీ. వెన్ను మీద శతకం పేరు ఒత్తులతో సహా ఇమడాలంటే 10 పాయింట్లకు మించి పెట్టలేను. రేపు అదే పని.